బాపు స్టీరింగు, అవ్వ గేరు

మా బాపుకు స్పోర్ట్స్ కారు పిచ్చి ఎప్పుడు పట్టిందో చెప్పలేను గాని, ఎక్కడ పట్టిందో చెప్పగలను. బెల్లంపల్లి రోడ్డు మీద. నైజాం పోయిన కొత్తలో అక్కడి గనుల ఇంజినీరు ఒక తెల్లదొర. సాయంత్రం కాగానే పైకప్పు లేని చిన్న ఆకుపచ్చ కారులో క్లబ్బుకు పోయేవాడు. ఆ కారుకు రెండే సీట్లు. బాపు అప్పుడు బొగ్గుబాయిలో హాలేజి ఇంజను నడిపేవాడు. బాయి లోపలి నుంచి బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం అది. డ్యూటీ దిగి నడిచి వస్తూ, ఆ కారు ఎదురైతే రోడ్డు పక్కన ఆగిపోయి, అది పోయాక లేచిన దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడేవాడట.

"గా దుమ్ముతోనే కడుపు నింపుకొని వస్తుండె మీ బాపు. ఇంటికొచ్చినంక బువ్వ సహించకపోతుండె," అని అవ్వ, అంటే మా అమ్మ, చాలా ఏళ్ల తర్వాత కూడా దెప్పేది.

హాలేజి ఇంజను నడిపేవాడికి బాయి లోపల ఏం జరుగుతున్నదో కనబడదు. గంట మోగితేనే తెలుస్తుంది. వాళ్ల బాయిలో ఒక్క గంట కొడితే ఆపు, రెండు కొడితే లాగు, మూడు కొడితే దించు. గంట కొట్టకుండా తాడు కదలకూడదు. ఒకనాడు కదిలింది. బాపు తాడు సరిచేస్తుండగానే పక్కవాడు గంట కోసం ఆగకుండా ఇంజను వదిలాడు. బాపు ఎడమ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రం మిగిలాయి.

ఆ తర్వాత బాయి పని మానేసి, బాయిలో కప్పు కూలకుండా నిలబెట్టే కర్రలు సప్లయి చేసే కంట్రాక్టు పట్టాడు. ఆదిలాబాదు అడవుల్లో కర్రకు కొదవ లేదు, బాయిలకు ఆకలి తీరదు. ఆంధ్రప్రదేశ్ వచ్చిన నాలుగైదేళ్లకు మాకు మంచిర్యాలలో ఇల్లు, కర్ర డిపో, రెండు లారీలు అమరాయి. అయినా బాపు ముఖంలో సంతోషం లేదు. లారీ ఎక్కితే డ్రైవరు పక్కన కూర్చోవాలి. "నేను ఇంజను నడిపిన మనిషిని. పక్కకు మూటలెక్క కూసుండుడు నాతోని గాదు," అనేవాడు. అడవికి లారీలో పోవలసి వస్తే రైలో బస్సో పట్టుకొని, మిగిలిన దూరం నడిచేవాడు.

అటువంటి రోజుల్లో తెల్లదొర దేశం వదిలి పోతున్నాడనీ, ఆకుపచ్చ కారు అమ్మకానికి ఉందనీ తెలిసింది. ఆ వార్త వెనకాలే మరొకటి. పెద్దపల్లి అవతల ఒక జాగీర్దారు కొడుకు దగ్గర అమెరికా నుంచి తెప్పించిన రెండు సీట్ల కారు ఉందట. దానికి గేరు మార్చే పనే లేదట. తనంతట తానే మార్చుకుంటుందట.

నేనప్పుడు ఆడపిల్లల బడిలో పంతులమ్మను. పెళ్లీడు దాటిపోతున్నదని ఊరంతా అనుకునేది. మా ఇంట్లో నా సంబంధాల గురించి జరగవలసిన చర్చ మొత్తం ఆ రెండు కార్ల గురించి జరిగింది. ఏది నల్లగా ఉంది, ఏది పొట్టిగా ఉంది, ఏ ఇంటి నుంచి వచ్చింది, ఎన్నాళ్లు మనుతుంది. నాకెందుకు చింత? హాయిగా వింటూ కూర్చున్నాను.

నా ఓటు అమెరికా కారుకు. గేరు మార్చేది ఎడమ చేయి. బాపుకు లేనిది ఆ చేయే. ఇంతకంటే ఆలోచించవలసిందేముంది? మాకు మందిచ్చే డాక్టరు గారిదీ అదే మాట. ఇంటికొచ్చి మెల్లగా చెప్పాడు, "గేరు లేని బండైతే నీకు ఆసాన్ ఉంటది" అని.

బాపు రెండు వేళ్ల చేతిని డాక్టరు ముఖం ముందు పెట్టాడు. "నా చెయ్యికేమైంది?" అని అడిగాడు. డాక్టరు గారు చాయ తాగకుండానే లేచాడు.

అయినా చూసి రావడంలో తప్పేముందని నేను సతాయించగా ముగ్గురం రైలెక్కి పెద్దపల్లి పోయాము. జాగీర్దారు కొడుకు సన్నటి మీసం, సిల్కు లాల్చీ, చేతిలో తాళంచెవి. కారును గడీ ముంగిట్లోకి తెచ్చి నిలబెట్టాడు. తెల్లగా, పెద్దగా, ముందరంతా పళ్లికిలించినట్టుంది. "జర గూడ ఫికర్ జెయ్యకు. గీ కట్టెను గీ గుర్తు దగ్గర వెట్టు, బిరేకు మీదికెల్లి కాలు తియ్యి. గంతే," అన్నాడు.

బాపు కూర్చున్నాడు. చెప్పినట్టే చేసి బ్రేకు మీది నుంచి కాలు తీశాడు. ఇంకా ఏ పెడలూ తొక్కలేదు. కారు తనంతట తాను మెల్లగా ముందుకు జరగసాగింది. నాకు ముచ్చటేసి చప్పట్లు కొట్టబోయి, బాపు ముఖం చూసి ఆగిపోయాను. ఆ ముఖంలో నెత్తురు లేదు. కాలితో బ్రేకును నేల దాకా తొక్కి, కారాపి, తలుపు తీసుకొని దిగాడు.

"చెప్పకుంటనే పోతున్నది," అన్నాడు.

"గదే గదా దీని గొప్ప!" అన్నాడు జాగీర్దారు కొడుకు.

"గంట గొట్టకముందే కదిలే ఇంజన్ దగ్గరికి నేను మల్ల పోను, బాబూ."

తిరుగు రైలులో బాపు ఎడమ చేతిని చంకలో దాచుకొని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అంతవరకు అది నాకు చేతికి సంబంధించిన లెక్కగానే తోచింది. లోపల ఎంత భయం ఉందో ఆనాడు చూశాను. జాలేసింది. అవ్వ మాత్రం మూట విప్పి, సత్తుపిండి ముద్ద బాపు కుడిచేతిలో పెట్టి, "తిను. గా తెల్లోని బండే తెచ్చుకుందాం. అది చెప్పినట్టు ఇంటది," అన్నది.

అట్లా ఆకుపచ్చ కారు మా కర్ర డిపోకు వచ్చింది. దొరగారి డ్రైవరు దాన్ని అప్పగించిపోయాక తెలిసింది, అది ఎవరు చెప్పినా వినే బండి కాదని. గేరు కర్ర పొట్టిది, పైన గుండు గోలీ కంటే కాస్త పెద్దది. మొదటి గేరుకు ముందుకు నెట్టాలి. అరచేత్తో నెట్టేయొచ్చు. రెండోదానికి వెనక్కి లాగాలి. రెండు వేళ్లకు ఆ గుండు దొరకదు, దొరికినా జారుతుంది. డిపోలో బాపు పొద్దంతా మొదటి గేరులోనే గుండ్రంగా తిరిగాడు. కర్రలు మోసే కూలీలు పని ఆపి, గుట్టల మీద కూర్చుని, వేడుక చూశారు.

మరునాడు అవ్వను ఎక్కించుకొని నస్పూరు రోడ్డు మీదికి తీశాడు. నాకు సీటు లేదు. సీట్ల వెనకాల సంచీ పెట్టుకునే సందులో ముడుచుకొని కూర్చున్నాను. ఆ కారుతో నా సంబంధం చివరిదాకా సంచీ సంబంధమే. అవ్వ గోచి చీర సర్దుకొని సీట్లో కూలబడి, "కూసున్నట్టు లేదు. పొయ్యి ముంగట పీట మీద ఉన్నట్టున్నది," అన్నది.

మొదటి గేరులో కారు ఒకటే గోల. వెనక నుంచి ఎడ్లబండి వాడు, తప్పుకోండి అని అరుస్తున్నాడు. బాపుకు పౌరుషం వచ్చింది. స్టీరింగు వదిలేసి కుడిచేత్తో గేరు అందుకోబోయాడు. కారు తిన్నగా జొన్నచేను వైపు తిరిగింది. అవ్వ కెవ్వుమని, కళ్ల ముందున్న కర్ర ఒక్కటే కాబట్టి అదే బ్రేకనుకొని, విసుర్రాయి తిప్పినట్టు గట్టిగా వెనక్కి గుంజింది. బాపు కాలు అప్పటికే క్లచ్చి మీద ఉంది. గేరు రెండోదానిలో పడింది. ఆగుతుందనుకున్న కారు ఊపందుకుంది.

అవ్వ అరుపు ఇంకా ఆగలేదు. బాపు స్టీరింగు పట్టుకొని రోడ్డు మీదికి వచ్చి, నవ్వడం మొదలుపెట్టాడు. ఏళ్ల తర్వాత విన్న నవ్వది. "గుంజినవే! మంచిగ గుంజినవే!" అంటాడు. "ఆపుమంటే ఉరుకుతున్నదేంది గీ ముండ బండి!" అంటుంది అవ్వ.

ఆ రోజు నుంచి స్టీరింగు, పెడళ్లు బాపువి, గేరు అవ్వది. ఎప్పుడు మార్చాలో అవ్వకు తెలియాలి కదా. బాపుకు తెలిసిన పద్ధతి ఒక్కటే. సైకిలు గంట ఒకటి తెచ్చి, కుడిచేతి బొటనవేలికి అందేలా స్టీరింగు పక్కన బిగించాడు. రెండు గంటలు కొడితే పై గేరు, మూడు కొడితే కింది గేరు, ఒకటి కొడితే మధ్యలో వదిలెయ్. ఇరవై ఏళ్లు ఇతరుల గంటకు ఇంజను తిప్పిన మనిషికి ఇప్పుడు తన గంటకు తిరిగే మనిషి దొరికింది. ఆ గర్వం చూడాలి. అవసరం లేకున్నా కొట్టేవాడు.

నాలుగు గేర్లు ఎటెటు ఉంటాయో అవ్వ తన లెక్కలో పెట్టుకుంది. ఎడమ పక్క ముందరిది దేవునర్ర, అంటే పూజగది, దాని వెనకది వంటిల్లు. కుడిపక్క ముందరిది వాకిలి, దాని వెనకది దొడ్డి. మా ఇల్లు నిజంగా అట్లా ఉండదు గాని, అవ్వకు కుదిరింది. కారు కదులుతుంటే వెనక సందులో నాకు వినబడేది: "దేవునర్రల ఉన్నం... ఆఁ, వంటింట్లకొచ్చినం... ఇగ వాకిట్లకు పోదామా?" దొడ్లోకి చేరాక కొంగు సర్దుకొని నాలుగు దిక్కులూ చూసేది. ఊళ్లో ఇది పాకిపోయింది. మమ్మల్ని చూస్తే కిరాణా కొట్టాయన దుకాణంలోంచి అరిచేవాడు, "అక్కా, ఏ అర్రల ఉన్నరే?" అని.

మా పద్ధతిలోని లోపం స్టేషను రోడ్డులో బయటపడింది. బాయి డ్యూటీ మారే వేళ. సైకిళ్లే సైకిళ్లు. కారు వాటి మధ్యలో చిక్కింది. వెనక వాడెవడో తొందరపడి మూడుసార్లు గంట కొట్టాడు. అవ్వ ఆజ్ఞ పాలించింది. క్లచ్చి తొక్కకుండానే వాకిట్లోంచి వంటింట్లోకి గుంజింది. ఇనుము ఇనుమును నమిలిన చప్పుడు. ఇంతలో ముందరివాడు ఒక్క గంట కొట్టాడు. ఒక్క గంట వింటే ఆపడం బాపు ఎముకల్లో ఉంది. ఉన్నపళంగా బ్రేకు తొక్కాడు. వెనక సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అందరూ బాయి మనుషులే కాబట్టి, సంగతి తెలిసి నవ్వలేక చచ్చారు. ఒకాయన వచ్చి బాపు భుజం తట్టి, "అన్నా, నీది తప్పు గాదు. సిగ్నల్ తప్పు," అన్నాడు.

ఆ సాయంత్రమే గంట పీకేశారు. దాని అవసరం కూడా తీరిపోయింది. అవ్వకు చెవి వచ్చేసింది. ఇంజను గొంతు ఎక్కడ మారుతుందో విని, బాపు కాలు క్లచ్చి వైపు పోతుండగానే ఆమె చేయి గేరు మీద ఉండేది. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఎడ్ల బండ్లనూ గుంతలనూ దాటించుకొని పోతుంటే, వెనకాల సందులో కాళ్లు తిమ్మిరెక్కుతున్నా నాకు దిగాలనిపించేది కాదు. ఆ పెద్దపల్లి ప్రయాణం తప్ప, పెళ్లయి ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ కలిసి బయటకు పోవడం నేను చూడలేదు. ఇప్పుడు బజారుకు, అడవికి, ఎక్కడికైనా కలిసే. అవ్వ అలిగిన రోజు కారు కూడా ఇంట్లోనే. బాపు దాని చుట్టూ బట్ట పట్టుకొని తిరుగుతూ, వంటింటి వైపు చూసి దగ్గేవాడు.

లైసెన్సు అన్న మాట మాకెవరికీ తోచలేదు. తోచినవాడు కొత్తగా వచ్చిన మోటారు ఇన్‌స్పెక్టరు. కోస్తా వైపు మనిషి. ఒకనాడు చేయెత్తి ఆపి, వంగి, స్టీరింగు మీద బాపు చేతినీ గేరు మీద అవ్వ చేతినీ మార్చి మార్చి చూశాడు.

"ఈ కారు నడిపేదెవరండీ?" అన్నాడు.

"ఇద్దరం," అన్నాడు బాపు.

"ఇద్దరికీ కలిపి లైసెన్సు ఇవ్వడం కుదరదండీ."

పాపం, మంచివాడే. జరిమానా అనలేదు. బాపు చేతిని చూసి గొంతు తగ్గించాడు. గేరు పని లేని కారు తెచ్చుకుంటే తానే దగ్గరుండి పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తాననీ, అంతవరకు దీన్ని రోడ్డు మీదికి తేవద్దనీ చెప్పాడు. కారును మా లారీ డ్రైవరు ఇంటికి తోలాడు. బాపు వెనకాల నడిచి వచ్చాడు.

పెద్దపల్లిలో ఆ తెల్లకారు ఇంకా అట్లాగే ఉంది. ఎవరూ కొనలేదు. దాన్ని తెచ్చుకుంటే బాపు ఒక్కడే, ఎవరి సాయమూ లేకుండా, జీవితాంతం నడుపుకోవచ్చు. తెచ్చుకోకపోతే ఇక స్టీరింగు ముట్టే పనే లేదు. విషయం అంతే. అవ్వ అన్నం వడ్డిస్తూ తానే ఎత్తింది.

"గా చెప్పకుంట పోయే బండినే తెచ్చుకో. రెండు రోజులు నడిపితే భయం పోతది. నువ్వు నడుపుడు నాకు గావాలె."

"మరి నువ్వు?" అన్నాడు బాపు.

"నాకేంది? ఇంట్ల పనుండదా?"

ఆ మాట అంటూ ఆమె బాపు కంచంలో అన్నం మీద అన్నం పెడుతూనే ఉంది. నేను మళ్లీ అమెరికా కారు వైపే మాట్లాడాను. ఇప్పుడు భయం పోగొట్టుకోవడం ఒక్కటే దారి అని నచ్చజెప్పాను. బాపు విన్నాడు. ఆ వారమంతా డిపోలో మూలకు పెట్టిన ఆకుపచ్చ కారును తుడిచేవాడు, మళ్లీ తుడిచేవాడు.

ఒక ఆదివారం పొద్దున డిపోలోంచి ఇంజను చప్పుడు వినిపించింది. పోయి చూస్తే, స్టీరింగు ముందర అవ్వ. గోచి బిగించి, పళ్లు కొరుకుతూ, రెండు చేతులతో చక్రాన్ని గొంతు పిసికినట్టు పట్టుకొని ఉంది. ఎడమ సీట్లో బాపు. "మెల్లగ కాలు లేపు. మెల్లగ అన్న! కోడిపెట్టను ఎల్లగొట్టినట్టు గాదే," అంటున్నాడు. కారు ఎగిరి, దగ్గి, ఆగిపోయింది. మళ్లీ మొదలు.

అవ్వ నీళ్లు తాగడానికి దిగినప్పుడు బాపు దగ్గరికి పోయాను. "బాపూ, పక్కకు కూసుండుడు నీతోని గాదంటివి గదా. గా బండి తెచ్చుకుంటే నువ్వే నడుపుదువు," అన్నాను.

బాపు రెండు వేళ్ల చేత్తో గేరు గుండు తడిమాడు. "నడుపుత బిడ్డా. మీ అవ్వ ఇంట్ల కూసుంటది. ఒక్కన్ని యాడికి వోవాలె నేను?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ఊరు ఊరుకుంటుందా? భార్య తోలుతుంటే పక్కన కూర్చుంటాడట అని చాయ హోటళ్లలో నవ్వుకున్నారు. కర్ర గుట్టల మీద కూలీల కచేరీ రోజూ ఉండేది. అవ్వ ఒకసారి కర్ర గుట్టను, ఒకసారి మా లారీనే గుద్దింది. బాపు అన్నీ దిగమింగాడు. పెద్దగా అరవాల్సిన చోట చిన్నగా దగ్గాడు. ఆయన అంత ఓపిక మనిషని అప్పటిదాకా నాకు తెలియదు. బాపుకు కూడా తెలిసి ఉండదు.

పరీక్ష మంచిర్యాలలోనే, స్టేషను అవతలి మైదానంలో. ఇన్‌స్పెక్టరు అవ్వ పక్కన కూర్చున్నాడు. నేనూ బాపూ ఒక వార నిలబడ్డాము. కారు కదిలింది. అవ్వ ఎడమ చేయి గేరు మీద, పెదవులు ఆడుతున్నాయి. దేవునర్ర, వంటిల్లు, వాకిలి, దొడ్డి. ఒక్క దగ్గర కూడా ఇనుము అరవలేదు. నా పక్కన బాపు కుడి పిడికిలి గాలిలో ముందుకు, వెనక్కు కదులుతూనే ఉంది. కారు తిరిగి వచ్చి ఆగేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది.

ఇన్‌స్పెక్టరు దిగి, "ఇంక ఈవిడకి ఎవరి సాయమూ అక్కర్లేదండీ," అన్నాడు నవ్వుతూ. మెచ్చుకోలుగానే అన్నాడు. బాపు కూడా నవ్వి, దండం పెట్టాడు. కాని కారు దగ్గరికి నడుస్తుంటే ఆయన అడుగు చిన్నదైంది. అలవాటు చొప్పున కుడి తలుపు దాకా పోయి, ఆగి, చుట్టూ తిరిగి ఎడమ వైపుకు వచ్చి కూర్చున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. చేయవలసిన పనేదీ లేదు కదా మరి. నేను నా సందులో దూరాను.

మైదానం దాటి రోడ్డెక్కాము. మొదటి గేరు. ఇంజను గొంతు పెరిగింది. ఇంకా పెరిగింది. అవ్వ గేరు మార్చలేదు. ఆమె ఎడమ చేయి ఒళ్లో ఉంది. కారు గోలకు పక్కన పోయే వాళ్లు ఆగి చూస్తున్నారు.

"గేరు మార్చవేందే?" అన్నాడు బాపు.

"నేనెందుకు మారుస్త?" అన్నది అవ్వ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఇప్పుడే గదా అన్ని మార్చి చూపిస్తివి. వస్తది గదా నీకు."

"వస్తది. అయితేంది? నువ్వు యాడికన్న వోయినవా? చెయ్యి వెట్టు."

బాపు ఆమె వైపు చూశాడు. కుడిచేయి మోకాలి మీంచి లేచి గేరు గుండు మీద పడింది. అవ్వ క్లచ్చి తొక్కింది. ఇంటి మలుపు వచ్చింది, పోయింది. నస్పూరు కూడా దాటాము. ఎక్కడికని ఎవరూ అడగలేదు. తిరిగి ఇల్లు చేరేదాకా అవ్వ చేయి గేరు మీదికి రాలేదు.